ఆగేది ఎప్పుడూ చిన్న పడవేనా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన తీరంలో ఇంజన్ల చప్పుడు ఆగిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మరబోట్లూ, మోటారు బిగించిన ఫైబరు పడవలూ జూన్ 14 వరకు ఒడ్డునే ఉండిపోతాయి. మొత్తం 61 రోజులు. చేప గుడ్డు పెట్టే కాలం, పిల్ల ఎదిగే కాలం కాబట్టి వేట బంద్. కాదని సముద్రంలోకి వెళ్తే బోటు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు, డీజిలు రాయితీ ఆపేస్తారు. ఆ రెండు నెలలూ జాలారిపేటల్లో ఇల్లు ఎలా గడుస్తుందో అక్కడి పిల్లల్ని అడిగినా చెబుతారు. వడ్డీకి అప్పు తెస్తారు, చెవిదుద్దులు తాకట్టుకి పోతాయి. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2019లో పది వేల రూపాయలు చేశారు, 2025లో ఇరవై వేలు చేశారు. అది కూడా జాబితాలో పేరున్నవాడికే.

ఈ నిషేధం తప్పని నేననను. ఉండి తీరాలి. పిల్లచేపను బతకనిస్తేనే రేపు వలకు పెద్దచేప పడుతుందని మత్స్యకారుడికి మనం చెప్పక్కర్లేదు, మనకన్నా వాడికే బాగా తెలుసు. నా కోపమంతా వేరే చోట ఉంది. సముద్రం అందరిదీ అంటున్నప్పుడు ఆగాల్సిన బాధ్యత కూడా అందరిదీ కావాలి. అది ప్రతిసారీ చిన్న పడవ నెత్తినే ఎందుకు పడుతోంది?

2023 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడండి. కెన్యాలోని మొంబాసా నగరంలో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ప్రత్యేక సమావేశం పెట్టుకుంది. ఈ సముద్రంలో ట్యూనాను ఎవరు, ఎంత, ఎలా పట్టాలో తేల్చే సంస్థ ఇదే. 1996లో మొదలైంది, కార్యాలయం సేషెల్స్ దేశంలో ఉంది, మనదేశమూ అందులో సభ్యురాలే. ఇండొనేషియా ముందు నిలబడగా తీరదేశాలు కొన్ని కలిసి ఒక తీర్మానం పెట్టాయి. ఫ్యాడ్లు అనే కృత్రిమ తెప్పల చుట్టూ వల వేయడం ఏడాదికి 72 రోజులు ఆపాలన్నది అందులో ముఖ్యమైన మాట. వేట మానమని ఎవరూ అడగలేదు. నౌకను రేవులో కట్టేయమనీ అడగలేదు. తెప్పల జోలికి పోకుండా, విడిగా తిరిగే గుంపుల మీద ఆ 72 రోజులూ వల వేసుకోవచ్చు. ఓటింగులో తీర్మానం నెగ్గింది.

ఏప్రిల్ వచ్చేసరికి యూరోపియన్ యూనియన్ అభ్యంతరం పంపింది. కమిషన్ నియమం ప్రకారం అభ్యంతరం చెప్పిన సభ్యదేశానికి ఆ తీర్మానం వర్తించదు. సభ్యుల్లో మూడో వంతుకు మించి అభ్యంతరం చెబితే ఇక ఎవరికీ వర్తించదు. యూరప్ నౌకలకు రేవులిచ్చి, లైసెన్సులిచ్చి, ఆ రాబడితో నడిచే సేషెల్స్ వంటి చిన్న దేశాలు కూడా అదే దారి పట్టాయి. లెక్క మూడో వంతు దాటింది. ఓటింగులో నెగ్గిన తీర్మానం ఒక్క రోజు కూడా అమలు కాకుండానే చచ్చిపోయింది.

72 రోజులకు శాస్త్రీయ ఆధారం చాలదని వాళ్ళ వాదన. మరి అట్లాంటిక్‌లో ఏం చేశారు? అక్కడి ట్యూనా కమిషన్‌లో ఇదే యూరోపియన్ యూనియన్ కూర్చుని, 2022లోనూ 2023లోనూ జనవరి 1 నుంచి మార్చి 13 దాకా తెప్పల చుట్టూ వేట ఆపడానికి ఒప్పుకుంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, సరిగ్గా 72 రోజులే. తమ గుమ్మం ముందున్న సముద్రంలో చెల్లిన నియమం మన గుమ్మం ముందుకొచ్చేసరికి ఎందుకు చెల్లలేదు? దీనికి శాస్త్రంలో జవాబు దొరకదు. ఇక్కడ అడిగేవాడు బీదవాడు కాబట్టి చెల్లలేదు, అంతే.

ఇంతకీ ఈ ఫ్యాడ్ ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే మొత్తం అన్యాయం దాని కిందే జరుగుతోంది. నడిసముద్రంలో ఒక దుంగో, కొబ్బరిమట్టో తేలుతుంటే దాని నీడన చేపలు చేరతాయని మన మత్స్యకారులకు తాతల నాటి నుంచీ తెలుసు. ఎందుకు చేరతాయో గాని చేరడం మాత్రం నిజం. ఆ స్వభావాన్నే యంత్రానికి అప్పగించారు. వెదురుతోనో ప్లాస్టిక్ గొట్టాలతోనో కట్టిన చట్రం, దాని కింద పదుల మీటర్ల లోతుకు వేలాడే తాళ్ళూ వలముక్కలూ, పక్కనే సోలార్ పలకలు అతికించిన గుండ్రటి బోయా. బోయా లోపల తానెక్కడుందో చెప్పే పరికరమొకటి, కింద ఎంత చేప చేరిందో శబ్దతరంగాలతో అంచనా కట్టే పరికరమొకటి. ఆ సమాచారం ఉపగ్రహం మీదుగా నౌకలోని తెర మీదికి వస్తుంది. నౌక వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. తెర మీద లెక్క పెరిగిన తెప్ప దగ్గరికి నేరుగా వెళ్ళి, కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల పొడవున్న వలను చుట్టూ తిప్పి, అడుగున తాడు బిగించి పైకి లాగడమే. ఒక్కసారి లాగితే వంద టన్నులు దాటి రావడం ఆ నౌకలకు కొత్త కాదు.

అలా లాగినదానిలో ఏముంటుంది? నౌకకు కావలసింది స్కిప్‌జాక్, అంటే డబ్బాల్లోకి పోయే చిన్న ట్యూనా. కానీ తెప్ప నీడన స్కిప్‌జాక్‌తో పాటు ఎల్లోఫిన్, బిగ్ఐ అనే పెద్ద ట్యూనాల పిల్లలు కలిసే తిరుగుతాయి. ఎల్లోఫిన్ గుడ్లు పెట్టాలంటే సుమారు మీటరు పొడవు ఎదగాలి. తెప్ప కింద దొరికే ఎల్లోఫిన్లలో అత్యధికం అందులో సగం పొడవుంటాయి, రెండు మూడు కిలోలు తూగుతాయి. బతకనిస్తే యాభై, అరవై కిలోలకు ఎదిగే చేప. దాన్ని రెండు కిలోలప్పుడే చంపి, ఉడికించి, నూనెలో ముంచి డబ్బాకెత్తుతున్నారు. ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకుండానే దాని వంశం అక్కడితో సరి.

విశాఖ తీరానికి ఈ వాదన కొత్తది కాదు. రింగు వల చుట్టేస్తే చిన్నా పెద్దా తేడా లేకుండా సమస్తం ఊడ్చుకొస్తుందని సంప్రదాయ పడవల మీద వెళ్ళేవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. 2022 జనవరిలో ఆ గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. కొట్టుకున్నది అటూ ఇటూ మత్స్యకారులే, ఒకే కడలి మీద బతికేవాళ్ళే. ట్యూనా నౌకలు వేసే పర్స్ సీన్ అంటే ఆ రింగు వలే, కొలత మాత్రం ఎన్నో రెట్లు పెద్దది. ఇక్కడ రింగు వల గురించి పోలీసులను దింపే వ్యవస్థ, అక్కడ దానికి ఎన్నో రెట్లున్న వల గురించి ఒక అభ్యంతర పత్రానికి తల వంచుతుంది.

పాత లెక్కలు కూడా తీయాలి. హిందూ మహాసముద్రపు ఎల్లోఫిన్ శక్తికి మించి వేటాడబడిందని కమిషన్ శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. 2016లో కోలుకునే పథకం రాశారు. 2014 నాటి పట్టుబడి మీద పర్స్ సీన్ నౌకలు 15 శాతం, వరస గాలాల లాంగ్‌లైన్లు, చేప మొప్పలు చిక్కే గిల్‌నెట్లు 10 శాతం, మిగతా వేట పద్ధతులు 5 శాతం తగ్గించుకోవాలన్నారు. రెండేళ్ళు పోయాక, 2018లో చూస్తే మొత్తం పట్టుబడి తగ్గకపోగా పెరిగింది. స్కిప్‌జాక్ సంగతి మరీ ఘోరం. 2018 నుంచి 2020 వరకు ఏడాదికి 4,70,029 టన్నులకు మించరాదని పరిమితి పెట్టుకున్నారు. చివరి అంకె దాకా లెక్కగట్టి మరీ రాశారు. మొదటి ఏడాదే పట్టుబడి ఆరు లక్షల టన్నులు దాటింది. ఎవరి మీద చర్య తీసుకున్నారు? ఎవరి మీదా లేదు. ఏ దేశం వాటా ఎంతో పంచుకోనే లేదు కాబట్టి తప్పు ఫలానావాడిదని వేలెత్తి చూపించడానికే వీల్లేకపోయింది. తరువాతి పరిమితిని మాత్రం పెంచారు.

2024లో ఎల్లోఫిన్ మీద కొత్త అంచనా వచ్చింది. ఈ నిల్వ ఇప్పుడు శక్తికి మించిన వేటలో లేదని, పరిస్థితి మెరుగైందని అది చెప్పింది. ఈ సంగతి దాచిపెట్టి రాస్తే నేను చేసేది మోసం అవుతుంది, అందుకే చెబుతున్నాను. ఇది మంచి వార్తే. అయితే ఇందులో కొంత భాగం లెక్కలోకి తీసుకున్న సమాచారాన్నీ పద్ధతినీ మార్చడం వల్ల వచ్చింది. ఆ పద్ధతి పదేళ్ళలో ఎరుపును పచ్చగా మార్చగలిగినప్పుడు, రేపు మళ్ళీ ఎర్రగానూ మార్చగలదు. అంచనాలు ఊగిసలాడే చోట జాగ్రత్త పెంచుకోవాలి. కానీ పెద్ద నౌకల సంఘాలు ఈ ఒక్క అంచనాను పట్టుకుని పగ్గాలు వదలమంటాయి. రోగి ఒక పూట లేచి కూర్చున్నాడని మందులు ఆపేసే వైద్యుణ్ణి మనం ఏమంటాం?

పిల్లచేపను కాపాడితే ఫలితం ఉంటుందనడానికి సాక్ష్యం కావాలా? పసిఫిక్ బ్లూఫిన్ ట్యూనా ఉంది. 2019 జనవరి 5న టోక్యోలోని తొయొసు మార్కెట్‌లో 278 కిలోల బ్లూఫిన్‌ను ఒక సుషీ వ్యాపారి 33 కోట్ల 36 లక్షల యెన్లకు పాడుకున్నాడు. ప్రపంచమంతా ఆ ఫోటో చూసింది. దానికి కొన్నేళ్ళ ముందే పసిఫిక్‌లో ఆ జాతి, వేట మొదలవక ముందున్న నిల్వలో మూడు, నాలుగు శాతానికి పడిపోయిందన్నది ఆ ఫోటోలో లేదు. అప్పుడేం చేశారు? 30 కిలోల లోపు చేపల పట్టుబడిని 2002-2004 నాటి సగటులో సగానికి కోశారు. పిల్లలను బతకనిచ్చారు. 2034 నాటికి 20 శాతానికి చేరాలన్నది లక్ష్యం. 2021కే చేరింది. సముద్రం అంత త్వరగా తిరిగిస్తుంది, అడిగే పద్ధతిలో అడిగితే.

ఇక చిన్న దేశాలకు బలం లేదన్న మాట. పసిఫిక్‌లో నౌరూ ఒప్పందంలో ఉన్న ఎనిమిది దేశాలను చూడండి. వాటిలో కొన్ని మన మండలమంత జనాభా కూడా లేని దీవులు. విడివిడిగా ఉన్నన్నాళ్ళూ విదేశీ నౌకలు విదిల్చింది తీసుకున్నాయి. కలిసి కూర్చుని, మా నీళ్ళలో వేటాడాలంటే రోజుకింతని కొనుక్కోవాలి అన్నాయి. 2009 నుంచి ఏటా కొన్ని నెలలు ఫ్యాడ్ల వేట మూసేశాయి. నౌకలు వెళ్ళిపోతాయని భయపెట్టారు, కానీ నౌకలు వస్తూనే ఉన్నాయి. 2010లో ఆరు కోట్ల డాలర్లున్న వాటి రాబడి పదేళ్ళు తిరిగేసరికి యాభై కోట్ల డాలర్ల దగ్గరికి వచ్చింది. చేప ఎక్కడుందో అక్కడికే నౌక రావాలి. తీరదేశాల చేతిలో ఉన్న బలం అదే. హిందూ మహాసముద్రంలో ఆ బలాన్ని తలా ఒక లైసెన్సు ఫీజుకి అమ్ముకుంటున్నాం.

అమ్ముకుంటున్నాం అని ఎందుకన్నానంటే, మనదేశం చేతులు కూడా శుభ్రంగా లేవు. 2021లో ఎల్లోఫిన్ కోత తీర్మానాన్ని గట్టిపరిస్తే, దానికి అభ్యంతరం చెప్పిన దేశాల్లో ఇరాన్, ఒమాన్, ఇండొనేషియాలతో పాటు భారత్ కూడా ఉంది. మా చిన్న మత్స్యకారుల జీవనోపాధి అన్నది మన వాదన. నిజమే, కోత భారం వాళ్ళ మీద పడకూడదు. కానీ మొంబాసాలో యూరప్ చేసిన పని తప్పైతే, అదే తలుపులోంచి మనం బయటికి రావడం ఒప్పు ఎలా అవుతుంది? చిన్నవాణ్ణి కాపాడే తీర్మానాన్ని రాసి పెట్టాల్సింది పోయి, పెద్దవాడు వాడే ఆయుధాన్నే మనమూ వాడాం. దాంతో ఆ బల్ల దగ్గర మన మాటకు బరువు తగ్గింది.

లెక్కల సంగతి ఇంకా అధ్వాన్నం. ఏ పడవకు, ఏ వలకు, ఏ సైజు ట్యూనా ఎంత పడిందన్న వివరం మన దేశం నుంచి సరిపోను అందడం లేదని కమిషన్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు. కమిషన్ చర్చల్లో వాటా పంచేటప్పుడు లెక్క లేనివాడికి మిగిలేది కన్నీళ్ళే. మన మత్స్యకారుడు పట్టింది కాగితం మీదికి ఎక్కకపోతే, రేపు కోటా పంచే రోజున వాడు అసలు పట్టనేలేదని రాస్తారు. హార్బరులో తూకం వేసే చోట పుస్తకం పట్టుకుని ఒక మనిషిని కూర్చోబెట్టడానికి ఉపగ్రహాలేమీ అక్కర్లేదు కదా.

గిల్‌నెట్ల విషయంలో కూడా నోరు మెదపకుండా ఉండలేను. హిందూ మహాసముద్రంలో ట్యూనా కోసం వేసే గిల్‌నెట్లలో చిక్కి 1950 నుంచి 2018 మధ్య నలభై లక్షలకు పైగా డాల్ఫిన్ల వంటి చిన్న జలచర క్షీరదాలు చచ్చాయని ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఇరాన్, పాకిస్తాన్, ఒమాన్, శ్రీలంకలతో పాటు మన బోట్లూ ఆ వలలు వేస్తున్నాయి. రెండున్నర కిలోమీటర్లకు మించిన డ్రిఫ్ట్‌నెట్లను, అంటే నీటిలో తేలుతూ సాగే ఇలాంటి వలలను, ఐక్యరాజ్య సమితి 1991లోనే అంతర్జాతీయ జలాల్లో ఆపమంది. కమిషన్ 2017లో ఆ నిషేధాన్ని దేశాల సొంత జలాలకు కూడా చాపింది. పెద్ద నౌకను తిడుతూ మన ఇంటి వలను వెనకేసుకురావడం నా వల్ల కాదు. అయితే గిల్‌నెట్ వేసే బోటు యజమాని చేతిలో అప్పు పత్రం ఉంది. వల మార్చుకోమంటే కొత్త సామగ్రికి డబ్బెవరిస్తారో కూడా ఆ నోటితోనే చెప్పాలి.

మరి సరైన పద్ధతి ఎక్కడుంది? మన దేశంలోనే ఉంది. లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో తరతరాలుగా గెడకు గాలం కట్టి స్కిప్‌జాక్‌ను పడుతున్నారు. పడవ వెనుక అంచున మనుషులు వరసగా నిలబడతారు. లగూనులో పట్టి బతికించి తెచ్చిన చిన్న చేపలను గుప్పెళ్ళతో నీళ్ళలోకి విసురుతారు, నీటి మీద చిరుజల్లు పడేలా నీళ్ళు చల్లుతారు. ఎర గుంపు కదులుతోందనుకుని స్కిప్‌జాక్ వెర్రెత్తి పైకొస్తుంది. గాలానికి ములుకు ఉండదు. చేప కొరకగానే గెడను వెనక్కి విసిరితే అది గాలిలో ఎగిరి పడవలో పడుతుంది, గాలం దానంతటదే ఊడి మళ్ళీ నీళ్ళలోకి. ఒక గాలానికి ఒక చేప. తాబేలు రాదు, డాల్ఫిన్ రాదు. పక్కనే ఉన్న మాల్దీవులు తమ జలాల్లో వలతో ట్యూనా పట్టడాన్నే ఒప్పుకోవు. ఒక దేశమంతా గాలం మీద బతుకుతూ ప్రపంచ మార్కెట్లో అమ్ముకుంటోంది.

మన తీరంలో అనకాపల్లి జిల్లా పూడిమడక ఉంది. అక్కడివాళ్ళు చిన్న పడవలో ముగ్గురు నలుగురు చొప్పున అర్ధరాత్రి దాటాక బయలుదేరి, చేతి గాలంతో పెద్ద సూరలను, అంటే ట్యూనాలను, కొమ్ముకోనాలను పడతారు. తంగూసు తాడు అరచేతుల్ని కోస్తుంది. కొమ్ముకోనం ఎదురు తిరిగి లాగితే మనిషే నీళ్ళలోకి పోతాడు, అలా పోయినవాళ్ళున్నారు. ప్రాణం పణంగా పెట్టి ఒక్కొక్క చేపను ఎంచి పట్టేవాడికి రేవులో దక్కే ధర ఎంత? పట్టిన చేపకు తగ్గ ఐసు ఉండదు. ట్యూనా మిగతా చేపల్లా చల్లటి ఒంటిది కాదు, పెనుగులాడేకొద్దీ దాని ఒళ్ళు కాగుతుంది. పడవలోకి ఎక్కించగానే రక్తం తీసి, పేగులు తీసి, ఐసులో పాతిపెట్టకపోతే ఎర్రటి కండ పాలిపోతుంది. జపాన్ బల్ల మీదికి పోవలసిన చేప డబ్బాల ఫ్యాక్టరీ ధరకు పోతుంది. నాలుగు చేపలకు రావలసిన డబ్బు నలభై పట్టినా రాదు. అప్పుడు వాడు ఎక్కువ పట్టాలనే చూస్తాడు, ఇంకేం చేస్తాడు?

అందుకే చేపను కాపాడటమూ మత్స్యకారుణ్ణి కాపాడటమూ వేర్వేరు పనులంటే నేను ఒప్పుకోను. ఐసు ఇవ్వండి, పడవలోనే చేపను శుభ్రం చేసే శిక్షణ ఇవ్వండి, రేవులో గాలపు చేపకు వేరే పాట పెట్టించండి. తక్కువ పట్టి ఎక్కువ సంపాదించే దారి చూపిస్తే ఏ మత్స్యకారుడూ పిల్లచేపల వెంట పడడు. నష్టపోయేది మధ్య దళారీ ఒక్కడే.

దానికి బదులు ఢిల్లీ చెబుతున్నది వేరు. సముద్రంలోని మన ప్రత్యేక ఆర్థిక మండలంలో రెండు లక్షల టన్నులకు పైగా ట్యూనా వంటి చేపలున్నాయని, అందులో చాలాభాగం ఇంకా పట్టకుండా వృథా అవుతోందని. పట్టనిది వృథా ఎలా అవుతుంది? హిందూ మహాసముద్రంలో ఎల్లోఫిన్ అంతటినీ శాస్త్రవేత్తలు ఒకే నిల్వగా లెక్కిస్తారు. బంగాళాఖాతంలో మనం పట్టకుండా వదిలింది మన పేరున జమ అయి ఉండదు, సేషెల్స్ దగ్గర ఎవరో మింగింది వాళ్ళ ఒక్కళ్ళ ఖాతాలో తగ్గదు. ఈ దూరజలాల ఆశతోనే 1991లో విదేశీ భాగస్వామ్య నౌకలకు తలుపులు తెరిచారు. మత్స్యకార సంఘాలు దేశమంతా ఉద్యమించి, నిరాహార దీక్షలు చేస్తే మురారి కమిటీని వేశారు. ఆ లైసెన్సులు రద్దు చేయమని కమిటీ చెప్పింది. ఆ తరువాత అనుమతి పత్రాల పేరుతో మళ్ళీ అలాంటి నౌకలే వెనక గుమ్మంలోంచి వచ్చాయి. ఆ పత్రాలను రద్దు చేయించడానికి 2017 దాకా పట్టింది.

2025 నవంబరులో కేంద్రం ఆ ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేటకు కొత్త నియమాలు తెచ్చింది. మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం అన్నారు, ఎల్ఈడీ దీపాల వేట, జంట ట్రాలింగ్ నిషేధం అన్నారు. ఇవి మంచివి, మెచ్చుకుంటున్నాను. పెద్ద తల్లి నౌక, దాని చుట్టూ చిన్న పడవలు అన్న పథకం మీద మాత్రం నాకు గట్టి అనుమానం ఉంది. నడిసముద్రంలో ఒక నౌకలోంచి ఇంకో నౌకలోకి చేప మారిపోయే చోటే ప్రపంచమంతటా లెక్కలు మాయమయ్యాయి. ఆ తల్లి నౌక ఎవరిది, దానికి పెట్టుబడి ఎవరిది, దాని మీద తూకం పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా రాకుండా ఒక్క నౌక కూడా విశాఖ రేవు దాటకూడదు.

తెప్పల విషయంలో మొంబాసా తరువాత ఒక చిన్న అడుగు పడింది. 2024లో బ్యాంకాక్‌లో కూర్చున్న కమిషన్ ఒక్కో నౌక వాడే ఫ్యాడ్ల పరిమితిని 300 నుంచి 2026లో 250కి, 2028లో 225కి తగ్గించడానికి ఒప్పుకుంది. 225 తెప్పలు ఒక్క నౌకకు! పదులకొద్దీ నౌకలు. సముద్ర ప్రవాహానికి కొట్టుకుపోయిన తెప్పలు పగడపు దిబ్బల మీద చిక్కుకుంటున్నాయి. ప్రపంచ వారసత్వ స్థలమైన అల్డాబ్రా దీవి మీద పేరుకున్న ప్లాస్టిక్ చెత్తలో బరువు ప్రకారం అయిదింట నాలుగు వంతులు వేట సామగ్రేనని శాస్త్రవేత్తలు తేల్చారు. దాన్ని ఏరుకునే ఖర్చు దీవిది, లాభం నౌకది.

ఈ పనులు ఇక వాయిదా వేయడానికి వీల్లేదు. తరువాతి కమిషన్ సమావేశానికి మన ప్రతినిధులు వెళ్ళేటప్పుడు మొంబాసా తీర్మానాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టాలి, దానికి ఓటు మాత్రమే కాదు, పేరు కూడా ఇవ్వాలి. మన ఎల్లోఫిన్ పట్టుబడికి పరిమితిని మనమే ప్రకటించి, అందులో గాలపు పడవల వాటాను ముందే పక్కన పెట్టాలి. ప్రతి ట్యూనా రేవులోనూ సైజుతో సహా లెక్క రాయించాలి. వేటాడిన చరిత్రను బట్టి కోటా అన్న పాత వాదనను నిలబెట్టనివ్వకూడదు. ఎక్కువ తిన్నవాడికే మళ్ళీ ఎక్కువ వడ్డించమనే వాదన అది.

చదివే మీరూ ఒక పని చేయాలి. అమెరికాలోనో, యూరప్‌లోనో, గల్ఫ్‌లోనో ఉండి సూపర్ మార్కెట్లో ట్యూనా డబ్బా తీసే తెలుగువాళ్ళు డబ్బా వెనక చదవండి. గెడ, గాలంతో పట్టింది అని ఉంటే కొనండి. పర్స్ సీన్ అనో, ఏ పద్ధతీ రాయకనో ఉంటే తిరిగి అరలో పెట్టేయండి, దుకాణం వాడికి కారణం చెప్పి మరీ పెట్టేయండి. విశాఖలోనో కాకినాడలోనో హోటల్‌కి వెళ్తే సూర ఏ వలకు పడిందో అడగండి. తెలియదంటే తినకండి. మీ ఎంపీని ఒక్క ప్రశ్న అడగండి: ట్యూనా కమిషన్‌లో భారత్ ఎటు ఓటు వేస్తోంది? ఆ ప్రశ్న పార్లమెంటులో వినపడేదాకా అడగడం ఆపకండి.